వాద్యనిర్మాత లియో ఫెండరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి సముద్రతీరమున కాలిఫోర్నియా రాష్ట్రము కలదు. అందు లాస్ ఏంజెలిస్ మహానగరమునకు ఆగ్నేయముగా ఫుల్లర్టన్, ఆనహైము అను రెండు పట్టణములు ఒకదానిప్రక్క నొకటి యున్నవి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఆ ప్రాంతము నారింజతోటలకు ప్రసిద్ధి చెందియుండెను. ఆ తోటల నడుమ, 1909వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన, ఒక రైతు కుటుంబమున క్లారెన్సు లియోనిడాసు ఫెండరు జన్మించెను. లోకము ఆయనను లియో ఫెండరు అని యెరుగును. విద్యుత్ గిటారునకు నేడు మనము వినుచున్న నాదమును తీర్చిదిద్దినవారిలో ఆయన అగ్రగణ్యుడు. అయినను ఆయనకు గిటారు వాయించుట రాదు. దాని తీగెలను శ్రుతి చేయుటయు రాదు. వాయింపనేరని మనుష్యుడు వాయించువారికి ఇంపైన నాదమును ఎట్లు సమకూర్చెనన్నదే ఆయన జీవితకథ.

లియో బాల్యము సాధారణముగా గడచెను. ఎనిమిదేండ్ల ప్రాయమున ఎడమకంటిలో కంతి పుట్టుటచే వైద్యులు ఆ కంటిని తీసివేసి గాజుకన్ను అమర్చిరి. తలిదండ్రులు అతనికి పియానో చెప్పించిరి. పిమ్మట అతడు శాక్సఫోను అను ఊదువాద్యమును పట్టెను. రెండును నిలువలేదు. అతని మనసును లాగినది వేరొకటి. 1922లో, పదుమూడేండ్ల వయసున, మోటారుబండ్ల విద్యుత్ పరికరములను బాగుచేయు మేనమామ వరుస బంధువొకడు పారవేయదగిన రేడియో భాగములను, ఒక బ్యాటరీని పెట్టెలో పెట్టి అతనికి పంపెను. మరుసటి యేడు బాలుడు శాంటా మరియా పట్టణమున నున్న ఆ బంధువు దుకాణమునకు పోగా, అచ్చట స్వహస్తములతో కూర్చిన రేడియో ఒకటి దుకాణము ముంగిట స్పీకరునుండి గట్టిగా పాటలు వినిపించుచుండెను. ఆ ధ్వని తన జీవితమున చెరగని ముద్ర వేసినదని లియో పెద్దవాడైన తరువాతకూడ తలచుకొనుచుండెడివాడు. ఇంటికి వచ్చినది మొదలు రేడియోలు విప్పుటయు, కూర్చుటయు అతనికి నిత్యకృత్యమయ్యెను. ఇరుగుపొరుగువారి రేడియోలు చెడిపోయినచో బాగుచేయుటకు అతనియొద్దకు రాజొచ్చినవి.

విచిత్రమేమనగా, ఇంతటి ఆసక్తి యుండియు ఆయన విద్యుత్ శాస్త్రమును ఏ కళాశాలలోను చదువలేదు. 1928లో ఉన్నత పాఠశాల చదువు ముగించి ఫుల్లర్టన్ జూనియరు కళాశాలలో గణకశాస్త్రమును అభ్యసించెను. మంచుగడ్డలు అమ్ము సంస్థలో సరకు చేరవేయు పనిలో చేరి, పిమ్మట అచ్చటనే లెక్కలు వ్రాయువాడయ్యెను. ఆ రోజులలోనే ఒక వాద్యబృందపు నాయకుడు నృత్యసభలకై ధ్వనివర్ధకములు కావలెనని కోరగా, ఆయన ఆరింటిని తయారుచేసి యిచ్చెను. 1934లో ఎస్తరు అను యువతిని వివాహమాడెను. రాష్ట్ర రహదారుల శాఖలో గుమాస్తాగా చేరెను. అది ఆర్థికమాంద్యము దేశమును పీడించుచున్న కాలము. ఆ ఉద్యోగము పోయెను. టైర్ల సంస్థలో మరియొక ఉద్యోగము దొరకినది, అదియు పోయెను. లెక్కలు వ్రాయువానికి లోకమున చోటు లేకపోగా, 1938లో ఆరువందల డాలర్లు అప్పుచేసి, సొంత ఊరికి తిరిగివచ్చి, రేడియో మరమ్మతు దుకాణమొకటి తెరచెను. ఉద్యోగము నిలిచియున్నచో ఆయన జీవితమంతయు జమాఖర్చుల పుస్తకములతోనే గడచియుండెడిది కాబోలు.

దుకాణమునకు రేడియోలతోపాటు వాద్యకారుల సామగ్రికూడ వచ్చుచుండెను. పనిముట్లు ఎట్లు తయారగునో చాలమంది చూతురు. ఎట్లు చెడిపోవునో చూచువారు తక్కువ. లియో చూచినది చెడిపోవుటనే. ఏ అతుకు ఊడును, ఏ భాగము వేడికి మాడును, ఏ తీగె ప్రయాణపు కుదుపులకు తెగును అను విషయములు ఆయనకు కరతలామలకములయ్యెను. తాను ఏ వస్తువు చేసినను సులభముగా విప్పి బాగుచేయ వీలుగా నుండవలెనని ఆయన అప్పుడే నిశ్చయించుకొనెను.

ఆ కాలమున గిటారు వాద్యకారులకు ఒక గొప్ప చిక్కు ఉండెను. నృత్యశాలలలో డోళ్లు, బాకాలు మ్రోగుచుండగా గిటారు ధ్వని ఎవరికిని వినబడకుండెను. విద్యుత్తుతో ధ్వనిని పెంచవచ్చునని అప్పటికే కొందరు కనుగొనిరి. కాని గిటారు లోపల బోలుగా నుండు పెట్టె. స్పీకరునుండి వచ్చు పెద్దధ్వని ఆ పెట్టెను తాకి మరల కంపింపజేయును. ఆ కంపనము మరల స్పీకరునకు పోవును. ఇట్లు సుడివలె తిరిగి తిరిగి తుదకు చెవులు చిల్లులు పడునట్టి ఊళ పుట్టును. ధ్వని పెంచినకొలది ఊళ పెరుగును. అందుచే గిటారుకాడు సభ మధ్య కూర్చుండియు మూగవానివలె నుండవలసివచ్చెను.

ఈ వాద్యమునందలి కీలకమును విద్యార్థులు కొంచెము గ్రహించినగాని తరువాతి కథ బోధపడదు. విద్యుత్ గిటారునకు ఉక్కుతీగె లుండును. వాని క్రింద చిన్న అయస్కాంతములును, ఆ అయస్కాంతముల చుట్టు తలవెండ్రుకవంటి సన్నని రాగితీగె కొన్నివేల చుట్లు చుట్టిన చుట్టయు అమర్చబడియుండును. ఈ అమరికకు పికప్ అని పేరు. ఉక్కుతీగెను మీటినపుడు అది కంపించి అయస్కాంతక్షేత్రమును కదల్చును. క్షేత్రము కదలినపుడు రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో మైకేలు ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణమే ఇందలి సూత్రము. ఆ విద్యుత్తు మిక్కిలి బలహీనము. యాంప్లిఫయరు దానిని వృద్ధిచేయగా స్పీకరు దానిని మరల ధ్వనిగా మార్చును. కావున మనకు వినబడునది చెక్కపెట్టె ధ్వని కాదు. తీగెకును, అయస్కాంతమునకును జరిగిన సంభాషణము.

ఇక పికప్ ఎచ్చట నుంచవలెనన్నది మరియొక రహస్యము. వీణ వాయించువారికి ఇది తెలిసిన విషయమే. తీగెను బ్రిడ్జికి చేరువగా మీటినచో నాదము వాడిగను, దూరముగా మీటినచో మెత్తగను ఉండును. పికప్ విషయమునను అట్లే. బ్రిడ్జి దగ్గర తీగె ఊగు విరివి స్వల్పము. అచ్చట మూలస్వరము తగ్గి, దానిపై పుట్టు అతిస్వరములు ఎక్కువపాలు వినబడును. అందుచే నాదము గాజుముక్కవలె మెరయును. మెడ దగ్గర తీగె విరివిగా ఊగును. అచ్చట మూలస్వరము నిండుగా పలికి నాదము గుండ్రముగ నుండును. ఒకే తీగె, ఒకే వ్రేలు. పికప్ స్థానము మారిన మాత్రమున వాద్యము స్వభావమే మారును.

లియోకు ఈ పరిశోధనలో తోడైనవాడు క్లేటన్ కాఫ్‌మన్. ఆయనను మిత్రులు డాక్ అని పిలుచుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున వారిరువురును కలిసి ఒక క్రొత్త పికప్ తయారుచేసి, దానిని పరీక్షించుటకై బోలులేని గట్టి చెక్కతో మోటుగా నొక గిటారును చెక్కిరి. అది అమ్ముటకు చేసినది కాదు, పరీక్షకు మాత్రమే. కాని ఊరిలోని వాద్యకారులు దానిని చూచి, ఒకసారి వాయించి, సభలకు అద్దెకు అడుగ నారంభించిరి. దాని రూపము ఎవరికిని నచ్చలేదు. దాని నాదము స్వచ్ఛముగ నుండి చాలసేపు నిలుచుచుండెను. గట్టిచెక్క యగుటచే ఊళ పుట్టలేదు. లియో పరీక్షించిన దొకటి, వాద్యకారులు కనుగొన్న దొకటి. ఆయన దీనిని మరువలేదు.

1945లో మిత్రు లిరువురును ఒడిలో పెట్టుకొని వాయించు హవాయి గిటారులను, యాంప్లిఫయరులను తయారుచేయు చిన్న సంస్థ స్థాపించిరి. అప్పులకు వెరచి 1946లో కాఫ్‌మన్ తప్పుకొనెను. లియో వెనుదీయక తన పేర ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ సంస్థను నెలకొల్పెను. ఆ తొలిదినములు మిక్కిలి కష్టముతో గడచినవి. టెలిఫోను సంస్థలో పనిచేయుచున్న ఎస్తరు సంపాదన ఇల్లు గడచుటకు ఆధారమయ్యెను. 1948లో జార్జి ఫుల్లర్టన్ అను యువకుడు పనిలో చేరెను. పట్టణము పేరును ఇతని పేరును ఒకటియగుట యాదృచ్ఛికము. ఇతడు వాద్యము నెరిగినవాడు. లియో చేసినదానిని వాయించి వినిపించుటకు ఇంటిలోనే ఒక మనిషి దొరకినట్లయ్యెను.

1950లో వీరి కార్యశాలనుండి గట్టిచెక్క గిటారు వెలువడెను. గట్టిచెక్కతో గిటారు చేయవచ్చునను ఊహ లియో ఒక్కనిది కాదు. లెస్ పాల్ అను వాద్యకారుడు, పాల్ బిగ్స్‌బీ అను శిల్పి అంతకుముందే అట్టివానిని చేసియుండిరి. లియో ఘనత వేరు. సామాన్య వాద్యకారుడు కొనగలిగినట్లు, చెడిపోయినచో బాగుచేసికొనగలిగినట్లు, వందలకొలది తయారుచేయదగినట్లు దానిని రూపొందించుట ఆయన పని. మెడను జిగురుతో అంటింపక నాలుగు స్క్రూలతో బిగించెను. మెడ వంగిపోయినచో దానిని విప్పి క్రొత్తది పెట్టుకొనవచ్చును. పాతకాలపు శిల్పులకు ఇది అపచారముగ తోచెను. వర్తకుల ప్రదర్శనమున దానిని చూచినవారు పడవ తెడ్డని పరిహసించిరి.

దానికి మొదట ఎస్క్వయిర్ అనియు, రెండు పికప్‌లు గలదానికి బ్రాడ్‌కాస్టర్ అనియు పేర్లు పెట్టిరి. ఆ రెండవ పేరు గ్రెట్ష్ అను సంస్థవారి డోళ్లకు ఇదివరకే యున్నదని 1951లో ఆక్షేపణ వచ్చెను. లియో వాదులాడలేదు. పనివారు కత్తెర పట్టి, అంటించు ముద్రలనుండి ఆ పేరును కత్తిరించివేసిరి. కొన్నినెలలు పేరులేని గిటారులే బజారునకు పోయినవి. తరువాత, అప్పుడప్పుడే వ్యాప్తిలోనికి వచ్చుచున్న టెలివిజనును స్ఫురింపజేయునట్లు టెలికాస్టర్ అని నామకరణము చేసిరి. ఆ పేరు స్థిరపడెను. పేరులేని ఆ గిటారులే నేడు సేకర్తలు మిక్కిలి అపురూపముగా నెంచునవి.

టెలికాస్టర్ నాదము తీక్ష్ణమైనది. బ్రిడ్జి దగ్గరి పికప్‌ను ఒక లోహపు పలకపై ఏటవాలుగా అమర్చుటచే ఆ నాదమున కొక కరకుదనము వచ్చెను. ఎంత గోలలోనైనను అది స్పష్టముగా చెవిని తాకును. గిటారుపై రెండు త్రిప్పుడు మరలు కలవు. ఒకటి ధ్వనిని హెచ్చించి తగ్గించును. రెండవది నాదపు వాడిని తగ్గించును. ఈ రెండవదాని వెనుక కెపాసిటరు అను చిన్న సాధన ముండును. అది వేగముగా కంపించు విద్యుత్తును సులభముగా పోనిచ్చును, మెల్లగా కంపించుదానిని పోనీయదు. మరను తగ్గించినకొలది తారధ్వనులలో కొంతభాగము ఆ దారిన జారిపోవును. మంద్రధ్వనులు మిగిలి నాదము మెత్తబడును. ఇంత చిన్న ఉపాయముతో వాద్యకారుడు తన నాదమును తానే దిద్దుకొనగలిగెను.

లియో పనిచేయు విధానమును ఇక్కడ చెప్పవలెను. ఆయన మితభాషి. తన కార్యశాలలో బల్లముందు గంటలకొలది ఒంటరిగా కూర్చుండెడివాడు. కాని క్రొత్త వస్తువు ఏది చేసినను దానిని అమ్ముటకు ముందు వాద్యకారుల చేతికి ఇచ్చెడివాడు. వారు సభలలో వాయించుచుండగా తాను పోయి వినెడివాడు. వారు చెప్పు నిందలను శ్రద్ధగా ఆలకించెడివాడు. ఆయనకు ఇష్టమైన సంగీతము గ్రామీణ పాశ్చాత్య గీతములు, హవాయి గిటారు. అందలి స్వచ్ఛమైన, మలినము లేని నాదమునే ఆయన కోరెడివాడు. వాద్యకారులు తమకు కావలసినదానిని శాస్త్రభాషలో చెప్పలేరు. నాదము సన్నముగ నున్నదనియు, బురదగ నున్నదనియు, మంచుగడ్డవలె నుండవలెననియు తోచిన రీతిని చెప్పుదురు. ఆ మాటలను రాగిచుట్ల సంఖ్యగాను, అయస్కాంతపు బలముగాను, కెపాసిటరు పరిమాణముగాను మార్చుట లియో విద్య. వాయింపరానివా డగుటచే ఆయనకు తనదంటూ ఒక వాయింపు పద్ధతి లేదు. అందుచే ఇతరుల పద్ధతిని కాదనవలసిన అగత్యమును లేకుండెను.

1951లో ఆయన మంద్రస్వరములకై ప్రెసిషన్ బాస్ అను నాలుగు తీగెల వాద్యమును రూపొందించెను. నిలువెత్తు బాస్ వాద్యమును మోటారుకారు పైకప్పునకు కట్టి ఊరూరు తిరుగు బాధ వాద్యకారులకు దానితో తప్పెను.

బిల్ కార్సన్ అను గిటారుకాడు టెలికాస్టర్ అంచులు ప్రక్కటెముకలను గ్రుచ్చుచున్నవని మొరపెట్టెను. స్వరస్థానము అమరికలోను లోపములు చూపెను. రెక్స్ గాలియన్ అను మరియొకడును ఇట్లే అడిగెను. 1953లో హవాయి గిటారు నిపుణుడు ఫ్రెడ్డీ టవారెస్ కార్యశాలలో చేరి చిత్రలేఖనమున తోడ్పడెను. ఈ నిందలనుండియే 1954లో స్ట్రాటోకాస్టర్ పుట్టెను. దాని దేహము వాయించువాని శరీరమునకు ఒదుగునట్లు వెనుకను, ముందును చెక్కబడినది. ప్రతి తీగెకును బ్రిడ్జిపై విడివిడిగా సర్దుబాటు కలదు. పికప్‌లు మూడు. పికప్‌లలోని అయస్కాంతపు మేకులు అన్నియు ఒకే ఎత్తున లేవు. ఏ తీగె బలముగా పలుకునో దాని క్రింది మేకు పొట్టిగాను, ఏది బలహీనమో దాని క్రింది మేకు పొడుగుగాను ఉంచి, ఆరు తీగెలును సమముగా పలుకునట్లు చేసిరి. స్ప్రింగులతో పనిచేయు ఒక చేతికర్రయు దానికి కలదు. ఆ కర్రను నొక్కినచో తీగెలు సడలి స్వరము ఊగును.

ఈ కర్రకు లియో ట్రెమెలో అని పేరు పెట్టెను. అది పొరపాటు. స్వరస్థాయి ఊగుటను సంగీతజ్ఞులు వైబ్రేటో అందురు. ధ్వనిబలము ఊగుటను ట్రెమెలో అందురు. తన యాంప్లిఫయరులలో ధ్వనిబలమును ఊపు అమరికకు ఆయన వైబ్రేటో అని పేరు పెట్టెను. రెండును తారుమారైనవి. వాద్యకారులు ఆ తప్పుపేర్లనే నేటికిని వాడుచున్నారు.

స్ట్రాటోకాస్టర్‌నందు మూడు పికప్‌లలో ఒకదానిని ఎన్నుకొనుటకు మూడు స్థానములు గల మీటను అమర్చిరి. కాని వాద్యకారులు ఆ మీటను రెండు స్థానముల నడుమ మెల్లగా నిలిపినచో రెండు పికప్‌లు ఏకకాలమున పలికి, బోలుగను, ముక్కుతో పలికినట్లును ఒక క్రొత్త నాదము వచ్చునని కనుగొనిరి. ఇది నిర్మాత ఉద్దేశింపనిది. మీట జారిపోకుండ అగ్గిపుల్లవంటివి గ్రుచ్చి నిలుపుకొనినవారును కలరు. 1977లో ఫెండర్ సంస్థ ఐదు స్థానముల మీటను అమర్చువరకు ఆ దొంగనాదము కొరకు వ్రేళ్లతో తడవుకొనవలసియే యుండెను.

గిటారు సగము వాద్యమే. మిగిలిన సగము యాంప్లిఫయరు. దానియందు లియో కృషి గిటారునందు చేసిన కృషికి తీసిపోదు. 1952లో బాస్ వాద్యముకొరకు బాస్‌మన్ అను యాంప్లిఫయరు చేసెను. బాస్ వాయించువారికంటె గిటారువారే దానిని ఎక్కువగా మెచ్చిరి. వాల్వులకు ఒక హద్దు కలదు. హద్దు మీరిన విద్యుత్తు వచ్చినచో ధ్వనితరంగము శిఖరములు తెగిపోయి, లేని అతిస్వరములు క్రొత్తగా పుట్టి, నాదము బొంగురుపోవును. లియో దృష్టిలో ఇది దోషము. ఆయన యాంప్లిఫయరులను ఏటేట మరింత బలముగా, మరింత స్వచ్ఛముగా చేయుచు వచ్చినది ఈ బొంగురును తరిమివేయుటకే.

ఆ ప్రయత్నమునకు పరాకాష్ఠ డిక్ డేలు వలన కలిగెను. ఎడమచేతివాటముగల ఈ యువకుడు బాల్బోవా తీరమున రెండెవూ అను నృత్యశాలలో వేలకొలది జనము ముందు సముద్రపు అలల హోరును గిటారుపై పలికింపజూచుచుండెను. లియో యిచ్చిన యాంప్లిఫయరులును, స్పీకరులును ఒకదాని వెంట ఒకటి కాలిపోవుచుండెను. వేరొక వర్తకు డైనచో వానిని వెళ్లగొట్టియుండును. లియో టవారెస్‌తో కూడ నృత్యశాలకు పోయి, జనము నడుమ నిలిచి వినెను. కార్యశాలలోని ఖాళీగదిలో చెవులు బ్రద్దలగునట్టి ధ్వని ఇచ్చట వేలమంది దేహములలో ఇంకిపోవుచున్నదని గ్రహించెను. పిమ్మట పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, 15 అంగుళముల స్పీకరు పెట్టి క్రొత్త యాంప్లిఫయరు చేసెను. షోమన్ అని పిలువబడిన ఆ యంత్రము డేలు వాయింపునకు తట్టుకొనెను.

ఇంతలో అట్లాంటిక్ సముద్రమునకు ఆవల మరియొక కథ నడచుచుండెను. లండను నగరమున జిమ్ మార్షల్ అను వాద్యముల వర్తకుడు తన పనివారితో కలిసి బాస్‌మన్ అమరికను నమూనాగా గ్రహించి 1962 ప్రాంతమున సొంత యాంప్లిఫయరు చేయించెను. భాగములు కొంత మారుటచే అది త్వరగా బొంగురుపోవుచుండెను. ఇంగ్లండు యువకులకు ఆ బొంగురే కావలసివచ్చెను. లియో దోషమని తరిమినదానిని వారు గుణమని కౌగిలించుకొనిరి.

సరిగా ఈ సమయముననే లియో తన సర్వస్వమును వదలుకొనెను. ఆయనను చాలకాలముగా ముక్కుపై ఎముకల గూళ్లలో రోగక్రిమి బాధించుచుండెను. ఎన్ని మందులు వాడినను తగ్గలేదు. తాను ఎక్కువకాలము బ్రతుకనని ఆయన నమ్మెను. సంస్థను నడుపు బరువు మోయలేనని తలచి, 1965 జనవరిలో దానిని సి.బి.ఎస్. అను ప్రసారసంస్థకు ఒకకోటి ముప్పదిలక్షల డాలర్లకు అమ్మివేసెను. ఆరువందల డాలర్ల అప్పుతో మొదలిడినదానికి ఇది ఊహింపరాని వెల. అమ్మిన తరువాత ఒక వైద్యుడు బలమైన మందులిచ్చి ఆ రోగమును పూర్తిగా నయముచేసెను. మరణమునకు భయపడి అమ్ముకొన్న మనుష్యుడు ఆరోగ్యవంతుడై, తన పేరుగల సంస్థకు పరాయివాడై నిలిచెను. పదియేండ్లు ఆ సంస్థకు పోటీగా గిటారులు చేయరాదను ఒడంబడిక ఆయనను కట్టివేసెను.

1969 ఆగస్టున న్యూయార్క్ రాష్ట్రమున జరిగిన ఉడ్‌స్టాక్ సంగీతోత్సవమున జిమీ హెండ్రిక్సు తెల్లని స్ట్రాటోకాస్టర్‌పై అమెరికా జాతీయగీతమును వాయించెను. ఆయన ఎడమచేతివాటము కలవాడు. కుడిచేతి గిటారునే తలక్రిందుగా త్రిప్పి, తీగెలు మార్చి కట్టుకొనెడివాడు. ఒక్కొక్క తీగెకై లియో ఎత్తు నిర్ణయించిన అయస్కాంతపు మేకులు ఆయన చేతిలో వేరు తీగెల క్రిందికి వచ్చినవి. ఏటవాలు పికప్‌యు ఎదురువాలయ్యెను. ధ్వని వెలువడినది మార్షల్ యాంప్లిఫయరులనుండి. అందు బొంగురు కలదు, ఊళ కలదు. ఆ రెండింటిని ఆయన బాంబుల మ్రోతగను, ఆర్తనాదముగను మార్చెను. ఊళను మాన్పుటకు పుట్టిన గట్టిచెక్క గిటారు, స్వచ్ఛతకై పుట్టిన యాంప్లిఫయరు సంతతి, రెండును కలిసి నిర్మాత కలలో తలపని నాదమును పలికినవి. సంగీతచరిత్రకారులు నేటికిని ఆ వాద్యఘట్టమును ముచ్చటింతురు.

ఒడంబడిక గడువు తీరిన తరువాత లియో ఊరకుండలేదు. మ్యూజిక్ మ్యాన్ అను సంస్థకు 1975లో అధ్యక్షుడయ్యెను. 1976లో వచ్చిన స్టింగ్‌రే బాస్ వాద్యములో బ్యాటరీతో పనిచేయు అమరికను గిటారులోపలనే ఉంచిరి. దానివలన మంద్రధ్వనులను తగ్గించుటయే గాక పెంచుటకును వీలు కలిగెను. 1979లో ఎస్తరు మరణించెను. మరుసటి యేట ఆయన ఫిలిస్ అను ఆమెను వివాహమాడెను. ఆ రోజులలోనే పాతమిత్రుడు జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అను సంస్థ స్థాపించెను. జార్జి, లియో అను పేర్ల తొలి అక్షరములే ఆ పేరు.

ఆయన డెబ్బదియేండ్లు దాటినవాడు. ధనమునకు లోటు లేదు. అయినను ప్రతిదినమును బల్లముందు కూర్చుండి పికప్‌లు చుట్టి, మార్చి, మరల చుట్టుచుండెను. ప్రతి తీగెక్రింది మేకును మరతో పైకి క్రిందికి జరుపుకొనగలిగిన క్రొత్త పికప్ ఒకటి చేసెను. 1954 నాటి పికప్‌లను లోకమంతయు కొనియాడుచుండగా, ఆయనమాత్రము వానికంటె ఇవియే మేలైనవని నమ్మెను. వాద్యకారులలో చాలమంది అంగీకరింపలేదు, పాతవానికే పోయిరి. ఆ విషయమున ఇప్పటికిని రెండభిప్రాయములు కలవు. పార్కిన్సన్ వ్యాధి వచ్చి చేతులు వణకసాగినను ఆయన పని మానలేదు. 1991 మార్చి 20వ తేదీన యథాప్రకారము కార్యశాలకు పోయి పనిచేసెను. మరునాడు ఫుల్లర్టన్‌లోని స్వగృహమున, ఎనుబదియొక్క యేండ్ల వయసున, కన్నుమూసెను.